రీలు వేసి చూడని కెమెరా సేకరణలో లేనట్టే

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పాత ఫిల్మ్ కెమెరాల సేకరణ గురించి మాట్లాడమని మీ అధ్యాపకులు నన్ను పిలిచారు. సేకరణ అనగానే చాలామందికి అద్దాల బీరువా, అందులో వరుసగా పేర్చిన నల్లతోలు డబ్బాలు, నికెలు మెరుపులు కళ్లముందు మెదులుతాయి. నాకు ఆ బీరువా మీద గౌరవం తక్కువ. కెమెరా అనేది కొంత వెలుతురును, కొంతసేపు మాత్రమే, ఒక తలం మీద పడనిచ్చే యంత్రం. ఆ పనిని అది నేటికీ చేయగలుగుతున్నదా, చేస్తే ఎంత నిక్కచ్చిగా చేస్తున్నది అనే సంగతి రీలు వేసి, బొమ్మలు తీసి, ఆ రీలు కడిగి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. అందుచేత రీలు వేసి చూడని కెమెరాను నేను నా సేకరణలో ఉన్నట్టు లెక్కలోకి తీసుకోను. అట్లా వేసి చూడడానికి మన ప్రాంతంలో ఎటువంటి కెమెరాలు దొరుకుతాయో, వాటిని ఎట్లా పరీక్షించాలో, మన ఎండలోనూ మన నీటితోనూ ఆ పరీక్ష ఎట్లా సాగుతుందో ఈ పూట చెబుతాను.

మీరు చదువుకుంటున్న ఈ ఊరికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు ఉన్నది. ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫరే రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ పట్టుబడి, తరువాత సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పి, 1905లో మరణించిన ఆ మహానుభావుడి గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆయన కెమెరాల శక్తి ఏమిటో మనకు చెబుతున్నవి ఆ పలకలే. సేకరించేవారు ఈ విషయాన్ని మనసులో పెట్టుకోవాలి. యంత్రం ఒక్కటే దొరికితే సగం దొరికినట్టు. దానితో తీసిన నెగెటివ్‌లు కూడా దొరికితేనే దాని చరిత్ర మొత్తం చేతికి వచ్చినట్టు.

అయితే రాజులను తీసిన కెమెరాలు మనకు దొరికేవి కావు. నల్లగొండ, మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, సూర్యాపేట వంటి ఊళ్లలో దొరికేవి వేరు. వాటిలో మొట్టమొదట చెప్పుకోవలసింది ఆగ్ఫా క్లిక్-3. ఇది మన దేశంలోనే, బరోడాలో తయారైన కెమెరా. నల్లటి డబ్బా, ముందు ఒక చిన్న లెన్సు, ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, వెనుక రీలు మీది అంకెలు కనిపించే ఎర్రటి కిటికీ తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండదు. 120 రీలు మీద పన్నెండు చదరపు బొమ్మలు వస్తాయి. మీ తాతల ఇళ్లలో అంచు తెలుపుగా ఉండే చిన్న చిన్న చదరపు ఫోటోలు ఆల్బంలో మూలలకు అంటించి ఉంటే, వాటిలో గణనీయమైన భాగం ఇటువంటి డబ్బా కెమెరాతో తీసినవే అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. నెగెటివ్ ఎంత ఉన్నదో బొమ్మను అంతే అచ్చు వేసేవారు కాబట్టి ఆ ఫోటోలు అంత చిన్నవి.

దీనిని చవక వస్తువని పక్కన పెట్టేవారిని చూశాను. వారితో నేను ఏకీభవించను. ఈ డబ్బాలో వాడే 120 రీలును కొడాక్ సంస్థ 1901లో తన రెండో నంబరు బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది. అదే కొలత రీలును నేటికీ కర్మాగారాలు తయారు చేస్తున్నాయి. శతాబ్దం దాటిన కెమెరాలో సైతం ఈ రోజు కొన్న రీలు సరిగ్గా కూర్చుంటుందంటే, యంత్రాల చరిత్రలో అటువంటి ఉదాహరణలు అరుదు. 620 అని రాసి ఉన్న కెమెరాలు కూడా మీకు తగులుతాయి. వాటిలోనూ ఫిల్మ్ అదే, కాగితం అదే, చుట్టే కండె మాత్రం సన్నది. చీకట్లో ఒక కండె మీది నుంచి ఇంకో కండె మీదికి మార్చి చుట్టుకుంటే సరిపోతుంది. 127 అని ఉన్నవి మాత్రం చిన్న కొలతవి, వాటి రీళ్లు దొరకడం కష్టం. అటువంటిది ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి, కొనవద్దు.

రెండవ జాతి, స్టూడియోల కెమెరాలు. పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు ఉండి, నడుము దగ్గర పట్టుకుని పై నుంచి తొంగిచూసే ట్విన్ లెన్స్ కెమెరాలు ఒక తరం పాటు మన పెళ్లిళ్లను తీశాయి. ఈ రూపానికి మూలం 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో వచ్చిన రోలీఫ్లెక్స్. మన దగ్గరికి ఎక్కువగా చేరినవి జపాన్ యాషికాలు, కొన్ని చైనా సీగల్‌లు. పై లెన్సు చూడడానికి, కింది లెన్సు తీయడానికి. తెర మీద కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి కాబట్టి, పరుగెత్తే పిల్లవాడి వెంట కెమెరాను తిప్పడం నేర్చుకోవడానికి కొంతకాలం పడుతుంది. స్టూడియో వారు వీటిని పట్టుకుని వేలాడడానికి బలమైన కారణమే ఉన్నది. 35 మిల్లీమీటర్ల రీలు మీద బొమ్మ 24 × 36 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ కెమెరాలలో అది 56 × 56 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో మూడున్నర రెట్లకు పైనే. అంత నెగెటివ్ ఉంటే మొన తీసిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలను, ముడతలను టచింగ్ చేయవచ్చు. టచింగ్ బాగా తెలిసిన మనిషి ఉన్న స్టూడియోకు పెళ్లి చూపుల ఫోటోలు వెతుక్కుంటూ వచ్చేవి. ఆ పనితనాన్ని గురించి ఎవరూ రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మూడవది జెనిట్. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో తయారై, సోవియట్ పుస్తకాలతో పాటు మన ఊళ్లకు చేరిన కెమెరా అని దీనిని అనవచ్చు. జెనిట్-ఇ మోడల్ 1960ల నడుమ మొదలైంది. లెన్సుతో కలిపి కిలోకు దగ్గర బరువు ఉంటుంది. షట్టర్, అంటే రీలు మీదికి వెలుతురును వదిలే తెర, దాని వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు వరకు ఐదు, వాటికి తోడు నొక్కినంతసేపు తెరిచి ఉండే బి. దాని హీలియోస్ 58 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు మూలం జర్మనీకి చెందిన జైస్ బయోటార్. ఆకుల సందుల నుంచి వెలుతురు వచ్చే చెట్టు ముందు మనిషిని నిలబెట్టి, లెన్సును పూర్తిగా తెరిచి తీస్తే వెనుక ఉన్న చుక్కలన్నీ సుడి తిరిగినట్టు వస్తాయి. మన పిల్లలమర్రి కింద తీసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. ఆ సుడి నిజానికి లెన్సులోని లోపం; ఇప్పుడు దానికోసమే జనం ఈ లెన్సును వెతికి కొంటున్నారు.

ఇక 1980ల తరువాత వచ్చిన యాషికా ఎంఎఫ్-2 వంటి ఫ్లాష్ కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. దూరం సరిచేసే పని లేదు, రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు, పుట్టినరోజు పండుగలకు అవి చక్కగా సరిపోయాయి. ఎవరి ఇంట్లోనైనా ఉంటే సెల్లుల గది తెరిచి చూడండి. మరిచిపోయిన సెల్లులు కారి తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే, దూది పుల్లతో కాస్త వెనిగర్ అద్ది తుడవండి. ఆల్కలైన్ సెల్లులోది క్షారం కాబట్టి వెనిగర్‌లోని ఆమ్లం దానిని విరుస్తుంది. అంతటితో సగం కెమెరాలు లేచి కూర్చుంటాయి.

ఎక్కడ వెతకాలి అన్నదానికి నా సమాధానం ఒకటే. ఇంటర్‌నెట్‌లో వెతకడం తరువాతి సంగతి, ముందు మీ ఊరి పాత స్టూడియోకు వెళ్లండి. హైదరాబాద్‌లో గురువారం జుమేరాత్ బజార్‌లోనూ, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనూ కెమెరాలు కనిపిస్తాయి, బేరం కూడా కుదురుతుంది. కానీ అక్కడ కెమెరాకు ముందుకథ ఉండదు. స్టూడియో యజమాని అయితే ఈ కెమెరాతో ఏ సంవత్సరాల్లో ఏం తీశాడో, ఎప్పుడు బాగు చేయించాడో, ఏ వేగం మొరాయిస్తుందో చెబుతాడు. అమ్మకపు ప్రకటనలలో ‘పరీక్షించలేదు’ అనే మాట కనిపించినప్పుడు ‘పరీక్షించాము, పనిచేయలేదు’ అని చదువుకోవడం మంచిదని నా అనుభవం. అన్నీ అట్లా కావు గాని, ధర మాత్రం అట్లా అనుకునే చెల్లించండి.

ఇప్పుడు పరీక్ష. చేతిలో కెమెరా, జేబులో చిన్న టార్చి, సెల్‌ఫోను ఉంటే కొనేచోటే చాలా విషయాలు తేల్చుకోవచ్చు. మొదట వెనుక తలుపు తెరిచి, లెన్సును పూర్తిగా తెరిచి, షట్టర్‌ను బి మీద నొక్కి పట్టుకుని, ఒకవైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూటి పోగుల వంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. ఎక్కువ కాలం ఉండిపోతే లెన్సు మీది పూతను, ఆపైన గాజును కూడా తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేసినా మరక మిగులుతుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ల నుంచి వచ్చే కెమెరాలతో పోలిస్తే మన వాన తక్కువ జిల్లాల కెమెరాల్లో ఫంగస్ తక్కువగా కనిపిస్తుంది. దానికి బదులుగా మనకు దుమ్ము, ఎండిన గ్రీజు దక్కాయి. ఇక్కడి కెమెరాల్లో గాజు స్వచ్ఛంగా ఉండి, ఫోకస్ తిప్పే కడియం మాత్రం బిగుసుకుని ఉండడం తరచుగా చూస్తాం. బిగుసుకున్నదానిని బలంతో తిప్పకండి. షట్టర్ రేకుల మీద నూనె అసలే వేయకండి. మెషిన్ ఆయిల్ చుక్క వేస్తే కదులుతుందని ఎవరో చెబుతారు. అది కదలడం నిజమే, మరుసటి వారానికి దుమ్ము పట్టి రేకులన్నీ అతుక్కుపోవడమూ నిజమే.

తరువాత షట్టర్ వేగం. నెమ్మది వేగాలు ఉన్న పాత కెమెరాలలో తరచుగా ముందు చెడేవి అవే, ఎందుకంటే ఒక సెకను, అర సెకను వేగాలను లెక్కగట్టే చిన్న పళ్లచక్రాలలో కందెన ఎండిపోతుంది. ఒక సెకను మీద పెట్టి నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటే, ఆ చక్రాల చప్పుడు ఒకే లయలో సాగాలి. మధ్యలో నత్తి పడితే మెకానిక్ అవసరమే. ఇంకొంచెం కచ్చితంగా తెలుసుకోవడానికి మీ సెల్‌ఫోను సరిపోతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ వీడియోలో, వెనుక తలుపు తెరిచిన కెమెరాను వెలుతురు వైపు పెట్టి షట్టర్ నొక్కండి. సెకనులో 30వ వంతు వేగం సరిగ్గా ఉంటే దాదాపు ఎనిమిది ఫ్రేములలో వెలుతురు కనిపిస్తుంది. పన్నెండులో కనిపిస్తే షట్టర్ మందగించిందన్నమాట. 500వ వంతు వంటి వేగాలకు ఈ పద్ధతి చాలదు, దానికి రీలే పరీక్ష.

గుడ్డ తెర షట్టర్ ఉన్న కెమెరాలలో సన్నని చిల్లులు ఉండవచ్చు. చీకటి గదిలో లెన్సు తీసి, లోపలికి టార్చి వేసి వెనుక నుంచి చూస్తే అవి నక్షత్రాల మాదిరిగా కనిపిస్తాయి. లెన్సుకూ తెరకూ మధ్య అద్దం లేని, పక్క కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలు, అంటే లైకా, దానిని చూసి చేసిన సోవియట్ జోర్కీ వంటివి కొన్నవారు, లెన్సు మూత తీసి కెమెరాను మన మే నెల ఎండలో ముఖం పైకి పెట్టి వదిలేయకూడదు. లెన్సు సూర్యుడిని తెర మీద కేంద్రీకరించి గుడ్డను కాల్చేస్తుంది. జోర్కీలలో ఇంకో నియమం కూడా ఉన్నది: రీలు తిప్పి షట్టర్ ఎక్కించిన తరువాతనే వేగం మార్చాలి, ముందు మార్చితే లోపలి యంత్రం దెబ్బతింటుంది.

ఎండను తిట్టడమే కాదు, దానితో మేలూ ఉన్నది. 1960లలో వచ్చిన కొన్ని పెంటాక్స్ తకుమార్ లెన్సుల గాజులో థోరియం అనే లోహాన్ని కలిపారు. కాలం గడిచేకొద్దీ ఆ గాజు పసుపు పచ్చగా మారుతుంది. అటువంటి లెన్సును కొన్ని వారాలు ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచితే అతినీలలోహిత కిరణాల వల్ల పసుపు విరిగిపోతుంది. నల్లగొండ ఎండకు ఈ పని అప్పగించవచ్చు. అయితే వేడెక్కిన గ్రీజు కరిగి రేకుల మీదికి జారకుండా, లెన్సు మరీ కాగకుండా చూసుకోవాలి.

వెలుతురును కొలిచే మీటరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. జెనిట్-ఇ వంటి వాటిలో ఉన్నది సెలీనియం. అది వెలుతురు పడితే తానే విద్యుత్తు పుట్టిస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు, కానీ వయసుతో నీరసిస్తుంది. 1960, 70ల జపాన్ కెమెరాలలో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు వాడారు. పాదరసం విషమని వాటి తయారీని ఆపేశారు. ఆ చోట 1.55 వోల్టుల బ్యాటరీ పెడితే మీటరు ఉన్నదాని కంటే ఎక్కువ వెలుతురు ఉన్నట్టు చెబుతుంది, ఆ మాట నమ్మితే బొమ్మ చీకటిగా వస్తుంది. వినికిడి యంత్రాలకు అమ్మే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది కనుక దానిని వాడుకోవచ్చు. కొద్ది వారాలకే అయిపోతుంది, అయినా చవక.

అసలు మన ప్రాంతంలో బయట బొమ్మలు తీసేవారికి మీటరు లేకపోయినా నడుస్తుంది. నీడ అంచులు స్పష్టంగా పడే ఎండలో, రీలు చురుకుదనాన్ని చెప్పే ఐఎస్ఓ అంకె ఎంతో అంతవంతు సెకను వేగం పెట్టి, అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/16 మీద (అంకె పెరిగితే రంధ్రం చిన్నది) ఉంచితే బొమ్మ సరిగా వస్తుందనేది పాత నియమం. 100 రీలుకు దానికి దగ్గరి వేగమైన సెకనులో 125వ వంతు, ఎఫ్/16. సంవత్సరంలో అధిక భాగం నిర్మలాకాశం ఉండే పాలమూరులో ఈ నియమం పుస్తకంలో చెప్పినట్టే పనిచేస్తుంది. ఎండకాలం మధ్యాహ్నం మాత్రం సూర్యుడు నడినెత్తిన ఉండి, రుమాలు కట్టుకున్న రైతు కళ్లు రెండూ గుంతల్లా నల్లబడిపోతాయి. అటువంటప్పుడు ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువ ఇచ్చి నీడలను కాపాడుకోవాలి. నలుపు తెలుపు రీలు వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. మీటరు ఉన్న కెమెరాను సరిచూడడానికి నేను మన బోడగుట్టల మీది గుండ్లనే వాడతాను. ఎండలో ఉన్న బూడిదరంగు గ్రానైటు మరీ తెలుపూ కాదు, మరీ నలుపూ కాదు. మీటరు కోరుకునేది అటువంటి నడిమి రంగునే. ఊరు దాటితే చాలు, కొలబద్దలు పరుచుకుని ఉన్నాయి.

మొదటి రీలును కళాఖండాల కోసం వాడకండి, అది యంత్రాన్ని అడిగే ప్రశ్నాపత్రం. స్టూడియో బీరువాలో దొరికిన పాత ఓర్వో రీళ్లను, ఊటీలోని హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారు చేసిన ఇందు రీళ్లను చూసి ముచ్చటపడి, కొత్తగా తెచ్చిన కెమెరాలో వాటినే వేసేవారు ఉన్నారు. బొమ్మ రాకపోతే తప్పు కెమెరాదా, కాలం చెల్లిన రీలుదా? రెండు తెలియనివి ఒకే సమీకరణంలో పెట్టుకుంటే లెక్క తేలదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. కెమెరాను పరీక్షించేటప్పుడు కొత్త రీలు, పాత రీలును పరీక్షించేటప్పుడు నమ్మకమైన కెమెరా వాడాలి. ఎండ పడిన ఒకే గోడను 125వ వంతు–ఎఫ్/16, 250వ వంతు–ఎఫ్/11, 500వ వంతు–ఎఫ్/8 మీద వరుసగా తీయండి. మూడింటిలోనూ లోపలికి వెళ్లే వెలుతురు సమానం కాబట్టి మూడు నెగెటివ్‌లూ ఒకే దట్టంతో రావాలి. తరువాత దూరపు గుట్టను, పది అడుగుల దూరంలోని తలుపును, ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అంత దగ్గరి అక్షరాలను తీయండి. ప్రతి బొమ్మకూ వేగం, అపెర్చర్, సమయం నోటుపుస్తకంలో రాసుకోండి. రాయనివారు రీలు కడిగిన తరువాత ఏ బొమ్మ దేనిదో ఊహించుకుంటూ కూర్చుంటారు.

రీలులో చివరి కొన్ని బొమ్మలను చీకటి చోటుకు దాచుకోండి. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం దీనికి సాటిలేని స్థలం. మూడు గర్భగుళ్లున్న ఈ త్రికూటాలయంలోని ఒక గర్భగుడిలో లింగం మీద స్తంభపు నీడ పగలంతా నిలిచి ఉంటుంది. నేరుగా పడే ఎండ వల్ల ఏర్పడే నీడ అయితే సూర్యుడితో పాటు కదలాలి. ఇది చుట్టూ పరుచుకున్న వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపలికి వచ్చి ఏర్పరిచే నీడ, అందుకే కదలదు. గుడివారి అనుమతి తీసుకుని, కెమెరాను స్టాండు మీదనో గడప మీదనో కదలకుండా నిలిపి, బి మీద కేబుల్ రిలీజ్‌తో, అంటే కెమెరాను తాకకుండా షట్టర్ నొక్కే తీగతో, తీయాలి. ఇక్కడ ఫిల్మ్ స్వభావం ఒకటి బయటపడుతుంది. సెకనుకు మించిన సమయాలలో ఫిల్మ్ తన చురుకుదనాన్ని కోల్పోతుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు రీలుకు మీటరు పది సెకన్లు చెబితే, తయారీదారు ఇచ్చిన సూత్రం ప్రకారం దాదాపు ఇరవై సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ సూత్రాన్ని పుస్తకంలో చదవడం వేరు, ఆ గర్భగుడిలో ఇరవై అంకెలు మనసులో లెక్కపెట్టి తీసిన బొమ్మలో నీడ అంచు కనిపించడం వేరు.

ఇక కడగడం. కలర్ రీలు కడిగే ల్యాబులు మన పట్టణాలలో నేను చూసినంతలో మూతబడ్డాయి. హైదరాబాద్‌కో ఇంకా దూరమో పంపాలి. నలుపు తెలుపు మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. చీకట్లో రీలును వెలుతురు చొరని చిన్న ట్యాంకులోని చుట్టకు ఎక్కించి మూత వేశామంటే మిగిలిన పనంతా వెలుతురులోనే. రీలు మీద బొమ్మను తేల్చే డెవలపర్ ద్రావణానికి పుస్తకాలు చెప్పే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. హెచ్‌పీ5 ప్లస్‌కు డి-76 వంటి డెవలపర్‌లో ఆ వేడి వద్ద ఏడున్నర నిమిషాలు. 24 డిగ్రీలైతే ఐదు నిమిషాల పైచిలుకు. అంతకన్నా వేడి పెరిగితే సమయం మరీ తగ్గిపోయి, రీలు మీద చారలు చారలుగా తేలుతుంది. ఏప్రిల్, మే నెలలలో మన నల్లా నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో మీకు తెలుసు. రంజన్‌లో రాత్రి నిలవ ఉంచిన నీటితో డెవలపర్ కలిపి, సీసాను మంచుముక్కలు వేసిన బకెట్‌లో నిలబెట్టి, థర్మామీటరు చూసుకుంటూ పని చేయాలి. తెల్లవారుజామున చేస్తే ఇంకా సుఖం. విచిత్రమేమిటంటే కలర్ రీళ్ల సి-41 పద్ధతికి 37.8 డిగ్రీలు కావాలి. చలి దేశాలవారు నీటిని కాచి ఆ వేడి నిలపడానికి యంత్రాలు కొంటుంటే, మే నెల మధ్యాహ్నం మన మిద్దె మీది ట్యాంకు ఉచితంగానే ఆ దరిదాపులకు వస్తుంది.

తేలిన బొమ్మను నిలిపే హైపో ద్రావణంలో ఎంతసేపు ఉంచాలనే సందేహం వస్తే, రీలు మొదట కత్తిరించిన ముక్కను అందులో వేసి, అది పారదర్శకంగా మారడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఉంచండి. చివరి కడుగుడుకు బోరు నీళ్లు వద్దు. మన జిల్లాల భూగర్భజలంలో కరిగిన లవణాలు ఎక్కువ. ఆరిన తరువాత నెగెటివ్ మీద తెల్లటి మరకలు కడతాయి. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో, నీరు చుక్కలు కట్టకుండా జారిపోయేట్టు చేసే వెట్టింగ్ ఏజెంట్ చుక్క వేసి ముంచితే ఆ బాధ ఉండదు.

ఆరిన నెగెటివ్‌ను కిటికీ దగ్గర పెట్టి, పక్కన నోటుపుస్తకం పెట్టుకుని చదవండి. అంచు నుంచి లోపలికి నల్లటి చార వస్తే తలుపు దగ్గరి స్పంజి అరిగి వెలుతురు దూరుతున్నది. స్పంజి పీకి కొత్తది అంటించడం అరగంట పని. ఒక బొమ్మ మీదికి ఇంకో బొమ్మ ఎక్కితే రీలు తిప్పే చక్రం జారుతున్నది. 500వ వంతు బొమ్మలో ఒక పక్క నిండుగా, రెండో పక్కకు పోయేకొద్దీ పలుచగా ఉంటే రెండు తెరలూ సమానంగా పరుగెత్తడం లేదు. దూరపు గుట్ట మసకగా ఉండి ముందున్న ముళ్లకంప స్పష్టంగా ఉంటే లెన్సును ఎవరో విప్పి తప్పుగా బిగించారు. ఈ లోపాలు ఉన్నంతమాత్రాన కెమెరా పనికిరానిది కాదు. 500వ వంతు చెడిన జెనిట్‌ను 250 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఏ వేగం వరకు నమ్మాలో రాసిన చీటీ ఒకటి ప్రతి కెమెరాకూ కట్టి ఉంచితే, రేపు మీ తరువాత దానిని అందుకునేవారికి మళ్లీ రీలు వృథా కాదు.

దాచడం గురించి ఒక్క మాట. తోలు సంచులలో పెట్టి దాచకండి, తోలు తేమను పట్టుకుంటుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, నెలకొకసారి బయటికి తీసి అన్ని వేగాల మీదా షట్టర్ కొట్టడం, ఇంతే. ముఖ్యంగా వానాకాలంలో దీన్ని మరవవద్దు.

నెగెటివ్‌ల విషయం మొదట్లో ప్రస్తావించాను, దానికి కొంచెం వివరం చేర్చాలి. స్టూడియోలు మూసేటప్పుడు పాత నెగెటివ్‌లను వెండి తీసేవారికి కిలోల లెక్కన అమ్మేశారు. ఒక ఊరి ముప్పై నలభై ఏళ్ల ముఖాలు ఆ విధంగా కరిగిపోయాయి. కాబట్టి స్టూడియోలో కెమెరా బేరం చేసేటప్పుడు నెగెటివ్‌ల పెట్టె గురించి కూడా అడగండి. అవి ఇతరుల కుటుంబాల బొమ్మలు. యజమాని అనుమతి లేకుండా, అందులో ఉన్నవారికి తెలియకుండా వాటిని ఎక్కడా ప్రదర్శించకూడదు. కవర్ల మీద పేరు, తేదీ ఉంటే చెరిపేయకుండా, ఆ కవర్లతోనే ఆమ్లం లేని కాగితంలో చుట్టి దాచండి.

(మొదటి కెమెరాగా ఏది కొనాలని ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానంగా:)

అమ్మా, మీ ఇంట్లోనో మీ మేనమామల ఇంట్లోనో క్లిక్-3 ఉంటే ఏదీ కొనకండి. ముందు దానిలో 100 నలుపు తెలుపు రీలు వేయండి. 400 వద్దు, ఆ డబ్బాకు అంత చురుకైన రీలు ఎక్కువవుతుంది. పన్నెండు బొమ్మలే వస్తాయి, కాబట్టి ఆలోచించి నొక్కుతారు. కొనక తప్పదనుకుంటే, బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేసే కెమెరాను ఎంచుకోండి. పెంటాక్స్ కె1000 అటువంటిది; 1976 నుంచి 1997 దాకా తయారైంది, అందులో బ్యాటరీ కేవలం మీటరుకే. అంత పెట్టలేమంటే జెనిట్ సరిపోతుంది, భుజం కొంచెం నొస్తుంది. కెమెరా ధర ఒక్కసారే, రీలు ఖర్చు ప్రతిసారీ ఉంటుంది. కలర్ రీలు ఒక్కొక్కటి వెయ్యి రూపాయల పరిసరాల్లో ఉన్నది కనుక నలుగురు కలిసి ఒక కెమెరా, ఒక ట్యాంకు, ఒక థర్మామీటరు కొనుక్కుని, నలుపు తెలుపుతో మొదలుపెట్టడం తెలివైన పని. మొదటి రీలు కడిగేటప్పుడు తోడుకు రమ్మంటే వస్తాను. రెండు రోజుల ముందు చెప్పండి, డి-76 కలిపిన తరువాత ఒక రాత్రి నిలవ ఉంటేనే నిలకడగా పనిచేస్తుంది.